జూదం ఎందరిని పట్టింది? ఆ లెక్క తేలేదెలా?

"మీ మొహల్లాలో జూదానికి బానిసలైనవారు ఎంతమంది?" అని ఎవరైనా అడిగితే మనం ఏమంటాం? చాలామంది ఆలోచించకుండానే "మావాళ్లలో అలాంటివారెవరూ లేరు" అనేస్తాం. ఇంకాస్త నిజాయితీగలవారు వీధి చివర పేకాడే ఇద్దరు ముగ్గురి పేర్లు చెబుతారు. అంతటితో లెక్క ముగుస్తుంది.

అయితే ఆ లెక్క మనకెలా తెలిసింది? మనం చూసినవారినే లెక్కపెట్టామా, లేక ఉన్నవారినందరినీ లెక్కపెట్టామా? సారా తాగినవాడి నోరు వాసన వస్తుంది, నడక తడబడుతుంది. జూదమాడేవాడికి అలాంటి ఆనవాలేమీ ఉండదు. గది తలుపు వేసుకుని, దుప్పటి కప్పుకుని, చేతిలోని ఫోనులోనే రాత్రికి రాత్రి నెల జీతం పోగొట్టుకున్నా, తెల్లవారి ఫజ్ర్ నమాజుకు మన పక్కనే వరుసలో నిలబడవచ్చు. మనకు తెలియదు.

అందుకే ఈ పాఠంలో మూడు విషయాలు తెలుసుకుందాం. జూద వ్యసనాన్ని లోకంలో ఎలా కొలుస్తున్నారు? ఆ కొలతల్లో తేలిన సంఖ్యలేమిటి? వాటి నుండి మన ఇళ్లు నేర్చుకోవలసింది ఏమిటి?

ధర్మం గీసిన గీత

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ఇస్లాంలో జూదం నిషిద్ధం (హరామ్). ఇందులో కొద్ది, గొప్ప అనే తేడా లేదు. దివ్య ఖుర్ఆన్ జూదాన్ని 'మైసిర్' అంటుంది. కష్టపడకుండా తేలికగా చేతికొచ్చే సొమ్ము అనే భావం ఆ మాటలోనే ఉంది. అజ్ఞానకాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో చీట్లు తీసి, మాంసం వాటాలు పంచుకునేవారు. ఓడినవారు ఒంటె ఖరీదు చెల్లించేవారు. గెలిచిన మాంసాన్ని పేదలకు పంచిపెట్టి గొప్పలు చెప్పుకునే ఆచారం కూడా ఉండేదని వ్యాఖ్యాతలు రాశారు. అంటే ఆ జూదంలో బయటికి ఒక మేలు కూడా కనబడేది. అల్ బఖర సూరాలోని 219వ ఆయతు ఆ మేలును కాదనలేదు. సారా, జూదాల వల్ల ప్రజలకు కొంత ప్రయోజనమున్నా, వాటిలోని పాపం ఆ ప్రయోజనం కంటే చాలా పెద్దదని తెలిపింది.

ఆ తర్వాత అల్ మాయిద సూరాలోని 90, 91 ఆయతుల్లో తుది ఆజ్ఞ వచ్చింది. జూదం షైతాను పనుల్లోని అశుద్ధమని, దానికి దూరంగా ఉండాలని అల్లాహ్ ఆదేశించాడు. కారణం కూడా తెలిపాడు. షైతాను దాని ద్వారా మన మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రేపాలనుకుంటాడు, దైవ స్మరణ నుండి, నమాజు నుండి మనల్ని ఆపాలనుకుంటాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. ఈ కారణాల్లో ఎంత డబ్బు పోయిందన్న ప్రస్తావన లేదు. మనిషికీ మనిషికీ మధ్య ఏం తెగిపోయింది, మనిషికీ అతని ప్రభువుకూ మధ్య ఏం తెగిపోయింది అన్నదే ఉంది. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు సాగుదాం.

రెండు వేర్వేరు ప్రశ్నలు

జూదం గురించి లెక్క తీసేవారు రెండు ప్రశ్నల్ని విడివిడిగా అడుగుతారు. ఒకటి, గత సంవత్సరంలో ఒక్కసారైనా జూదమాడినవారెందరు? రెండు, జూదం వల్ల జీవితం దెబ్బతిన్నవారెందరు? మొదటి సంఖ్య ఎప్పుడూ చాలా పెద్దది. రెండోది దానికంటే బాగా చిన్నది. పత్రికల్లో ఈ రెండూ తరచుగా కలగాపులగం అవుతుంటాయి. ఏ సంఖ్య చదివినా, ఇది ఆడినవారి లెక్కా, చిక్కుకుపోయినవారి లెక్కా అని ముందు చూసుకోవాలి.

ధర్మం గీసిన గీత మొదటి పందెం దగ్గరే ఉంది. వైద్యులు గీసే గీత వ్యసనం దగ్గర ఉంటుంది. కాబట్టి వైద్యుల కొలతలో "సమస్య లేదు" అని తేలినవాడికి జూదం ధర్మసమ్మతం అయిపోదు. జ్వరం ఎంతుందో చెప్పడమే థర్మామీటరు పని. వర్షంలో తడవవచ్చా లేదా అని అది చెప్పదు. ఈ కొలతలు కూడా అంతే.

కొలబద్ద ఎలా తయారయింది?

జూదాన్ని చాలాకాలం చెడు గుణంగానో, నేరంగానో మాత్రమే చూశారు. అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే మానసిక రుగ్మతల గ్రంథం డి.ఎస్.ఎమ్. 1980లో వెలువడిన మూడో కూర్పులో మొదటిసారి దీనిని ఒక రుగ్మతగా చేర్చింది. 1987లో హెన్రీ లెసియర్, షీలా బ్లూమ్ అనే ఇద్దరు న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ ఓక్స్ ఆస్పత్రి పేరుమీద ఇరవై అంశాల ప్రశ్నపత్రాన్ని తయారుచేశారు. అందులో అయిదు గాని అంతకంటే ఎక్కువ గాని మార్కులు వస్తే ఆ మనిషి వ్యసనపరుడై ఉండవచ్చని భావించేవారు. అయితే అది ఆస్పత్రికి వచ్చిన రోగుల్ని చూసి తయారైన కొలబద్ద. వీధిలోని మామూలు జనం మీద ప్రయోగిస్తే సంఖ్యను ఎక్కువచేసి చూపుతుందన్న విమర్శ వచ్చింది.

అందుచేత మామూలు జనాభాను కొలవడానికే 2001లో కెనడాలో ఇంకో కొలబద్ద వచ్చింది. 'ప్రాబ్లమ్ గ్యాంబ్లింగ్ సివియారిటీ ఇండెక్స్' అని దాని పేరు. పొట్టిగా పి.జి.ఎస్.ఐ. అంటారు. ఈనాడు అనేక దేశాల సర్వేల్లో వాడుతున్నది ఇదే. 2013లో వచ్చిన డి.ఎస్.ఎమ్. అయిదో కూర్పు ఇంకో పెద్ద మార్పు చేసింది. జూద రుగ్మతను సారా, మత్తుమందుల వ్యసనాలున్న అధ్యాయంలోకి మార్చింది. అందులోని తొమ్మిది లక్షణాల్లో ఒక సంవత్సరం లోపల నాలుగు కనిపిస్తే రుగ్మత ఉన్నట్లే.

దివ్య ఖుర్ఆన్ సారానూ జూదాన్నీ ఒకే ఆయతులో జతగా పేర్కొంది. మనోవైద్యులు వేరే దారిన, రోగుల్ని పరిశీలిస్తూ వచ్చి, ఈ రెంటినీ ఒకే అధ్యాయంలో పెట్టారు. వారు ఖుర్ఆన్ చూసి అలా చేశారని మనం అనడం లేదు. మన విశ్వాసానికి వారి సాక్ష్యం అవసరమూ లేదు. కాని ఆలోచించేవారికి ఇందులో సూచన ఉంది.

తొమ్మిది ప్రశ్నలు

పి.జి.ఎస్.ఐ.లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. అన్నీ గడచిన పన్నెండు నెలల గురించే. ఒక్కో ప్రశ్నకు "ఎప్పుడూ లేదు" అంటే సున్న, "కొన్నిసార్లు" అంటే ఒకటి, "ఎక్కువసార్లు" అంటే రెండు, "దాదాపు ఎప్పుడూ" అంటే మూడు మార్కులు. మొత్తం 27. సున్న వస్తే సమస్య లేదు. ఒకటి, రెండు వస్తే కొద్దిపాటి ప్రమాదం. మూడు నుండి ఏడు వరకు మధ్యస్థ ప్రమాదం. ఎనిమిది, ఆపైన వస్తే సమస్యాత్మక జూదం.

ఇది అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంటి పెద్దకొడుకు మొబైల్ దుకాణంలో పనిచేస్తాడు. క్రికెట్ మ్యాచ్‌ల మీద ఫోనులో పందేలు కాస్తాడు. అతను ఒంటరిగా కూర్చుని తొమ్మిది ప్రశ్నలకూ ఉన్నదున్నట్లు జవాబిచ్చాడనుకోండి.

పోతే తట్టుకోలేనంత డబ్బు పెట్టావా? ఎక్కువసార్లు: 2. అదే ఉత్సాహం కోసం రానురాను పందెం పెంచవలసి వచ్చిందా? ఎక్కువసార్లు: 2. పోగొట్టుకున్నది రాబట్టుకుందామని మర్నాడు మళ్లీ ఆడావా? దాదాపు ఎప్పుడూ: 3. ఆడడానికి అప్పు చేశావా, ఏదైనా అమ్మావా? కొన్నిసార్లు: 1. నాకు సమస్య ఉందేమోనని నీకే అనిపించిందా? కొన్నిసార్లు: 1. దీనివల్ల దిగులు, ఆందోళన, అనారోగ్యం కలిగాయా? కొన్నిసార్లు: 1. నీ ఆటను ఎవరైనా తప్పుబట్టారా? ఎప్పుడూ లేదు: 0. నీకు గాని ఇంటికి గాని డబ్బు ఇబ్బంది వచ్చిందా? కొన్నిసార్లు: 1. తప్పు చేస్తున్నానని మనసు పీకిందా? ఎక్కువసార్లు: 2.

మొత్తం పదమూడు. ఎనిమిది గీతను అతను ఎప్పుడో దాటేశాడు.

ఏడో ప్రశ్నకు వచ్చిన సున్నను మళ్లీ చూడండి. అతణ్ణి ఎవరూ తప్పుబట్టలేదు. ఎందుకు? ఎవరికీ తెలియదు గనుక. ఎంత గట్టిగా దాస్తే అక్కడ మార్కు అంత తగ్గుతుంది. ఇంకో సంగతి, ఈ తొమ్మిదింటిలో "ఎన్ని రూపాయలు పోయాయి?" అన్న ప్రశ్న లేనేలేదు. లక్షాధికారికి పదివేలు లెక్క కాదు, రోజుకూలీకి అయిదు వందలంటే ఇంట్లో పొయ్యి వెలగని రోజు. అందుకే కొలిచేవారు రూపాయల్ని కాకుండా మనిషికి జరిగిన హానిని కొలుస్తారు.

ఇప్పుడు అదే కుర్రవాడిని అదే ప్రశ్నలు ఇంట్లో, పక్కన అబ్బాజాన్ కూర్చుని ఉండగా అడిగామనుకోండి. మొదటి ప్రశ్నకు "కొన్నిసార్లు" అంటాడు. మూడోదానికీ అంతే. మిగతావాటికి తల అడ్డంగా ఊపుతాడు. మొత్తం రెండు. పదమూడు కాస్తా రెండయింది. మనిషి అతనే, వ్యసనం అదే. మారింది అడిగిన చోటు మాత్రమే.

బ్రిటన్‌లో మారిన సంఖ్య

ఇది కేవలం ఊహ కాదు. బ్రిటన్‌లో ఇలాంటి చర్చే జరిగింది. అక్కడ జూదం చట్టబద్ధం. 1999, 2007, 2010 సంవత్సరాల్లో ప్రత్యేకంగా జూదం మీద జాతీయ సర్వేలు జరిగాయి. 2010లో సర్వే సిబ్బంది ఇంటింటికీ వెళ్లి 7,756 మంది నుండి సమాచారం సేకరించారు. పి.జి.ఎస్.ఐ. ప్రకారం సమస్యాత్మక జూదరులు పెద్దల్లో 0.7 శాతమని తేలింది. అంటే వెయ్యిమందిలో ఏడుగురు.

తర్వాత పద్ధతి మార్చారు. ఉత్తరం ద్వారా ఆహ్వానించి, మనిషి తనకు తానే ఇంటర్నెట్‌లోనో, కాగితం మీదనో జవాబులు నింపే కొత్త సర్వే మొదలుపెట్టారు. 2023లో 9,804 మంది పాల్గొన్నారు. 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఈసారి ఎనిమిది గాని అంతకుమించి గాని మార్కులు వచ్చినవారు 2.5 శాతం! వెయ్యికి ఇరవై అయిదుగురు.

పదమూడేళ్లలో జూదరులు మూడున్నర రెట్లు పెరిగారా? అలా అని చెప్పలేం. ఎదురుగా ఎవరూ లేనప్పుడు మనిషి దాచేది తగ్గుతుంది. ఇది సంఖ్యను నిజానికి దగ్గర చేస్తుంది. కాని మరోవైపు, "జూదం గురించిన సర్వే" అనగానే జూదమాడేవారే ఆసక్తిగా నింపి పంపవచ్చు, ఆడనివారు పక్కన పడేయవచ్చు. ఇది సంఖ్యను ఎక్కువచేసి చూపుతుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆచార్యుడు పాట్రిక్ స్టర్గిస్ ఈ కొత్త పద్ధతిని పరిశీలించి 2024లో నివేదిక ఇచ్చారు. పద్ధతి చాలావరకు మెచ్చుకోదగినదే అంటూనే, సంఖ్య అసలుకంటే ఎక్కువగా వచ్చే ప్రమాదముందని, జాగ్రత్తగా వాడుకోవాలని హెచ్చరించారు.

చిన్న శాతాల విషయంలో ఇంకో కష్టం కూడా ఉంది. 2010 సర్వేలోని 0.7 శాతమంటే 7,756 మందిలో సుమారు యాభైమంది. ఆ యాభైమందిని బట్టే దేశమంతటి లెక్క కట్టాలి. పదిమంది అటో ఇటో అయితే శాతం మారిపోతుంది. అందుకే అరశాతం, ముప్పాతిక శాతం మధ్య తేడాను చూసి "పెరిగింది", "తగ్గింది" అని తొందరపడి తీర్పు చెప్పకూడదు.

చిన్న శాతం, పెద్ద బరువు

"వందలో ఒక్కరైనా లేరు కదా, ఇంత హడావుడి ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. దీనికి మూడు జవాబులున్నాయి.

ఒకటి, జూదరి ఒంటరివాడు కాడు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క సమస్యాత్మక జూదరి వల్ల సగటున ఆరుగురు దెబ్బతింటున్నారని తేలింది. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, స్నేహితులు - వీరెవరూ పందెం కాయలేదు. కాని బరువు మోసేది వీరే.

రెండు, వ్యాపారం నడిచేది ఆ కొద్దిమంది డబ్బుతోనే. ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ అయిన ప్రొడక్టివిటీ కమిషన్ 2010 నివేదికలో, జూదపు యంత్రాల మీద జనం ఖర్చుపెట్టే సొమ్ములో దాదాపు 40 శాతం సమస్యాత్మక జూదరులదేనని అంచనా వేసింది. పెద్దల్లో వారు ఒక శాతం లోపే! "సరదాగా ఆడండి, బాధ్యతగా ఆడండి" అని ప్రకటనలిచ్చే వ్యాపారం ఎవరి మీద బతుకుతున్నదో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

మూడు, ప్రపంచం మొత్తంమీద చూస్తే చిన్న శాతమే మహా సంఖ్య అవుతుంది. లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక వారి కమిషన్ 2024 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, లోకంలో సుమారు 45 కోట్లమంది పెద్దలు జూదం వల్ల ఏదో ఒక హానిని గాని, వ్యసన లక్షణాన్ని గాని అనుభవిస్తున్నారు. వారిలో దాదాపు 8 కోట్లమంది జూద రుగ్మత లేదా సమస్యాత్మక జూదం బారిన పడినవారు. ఆన్‌లైన్ క్యాసినో, స్లాట్ ఆటలు ఆడే పిల్లల్లో, అంటే కౌమార వయసువారిలో, నాలుగింట ఒక వంతుకు పైగా ఈ రుగ్మతకు లోనుకావచ్చని కూడా ఆ కమిషన్ అంచనా వేసింది.

మన దేశంలో, మన రాష్ట్రాల్లో

మన దేశంలో మత్తుపదార్థాల వాడకం మీద జాతీయ సర్వే జరిగింది, 2019లో ఫలితాలు వచ్చాయి. జూదం దాని పరిధిలో లేదు. జూదం మీద చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి. వాటిలో ఒకటి కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 58 కళాశాలల విద్యార్థుల మీద జరిగి, 2016లో ప్రచురితమయింది. 5,580 మంది జవాబులిచ్చారు. ఎప్పుడో ఒకప్పుడు జూదమాడామని చెప్పినవారు 1,090 మంది. సమస్యాత్మక జూదం ఉందని తేలినవారు 415 మంది, అంటే మొత్తం విద్యార్థుల్లో 7.4 శాతం. ఎక్కువమంది ఆడింది లాటరీ. ప్రభుత్వమే లాటరీ నడిపే రాష్ట్రం అది.

7.4 శాతం చూసి "బ్రిటన్ కంటే కేరళ ఎన్నో రెట్లు చెడిపోయింది" అనుకోకూడదు. అక్కడ వాడింది రెండే ప్రశ్నల కొలబద్ద. ఎంత ఆడావో దగ్గరివారికి అబద్ధం చెప్పవలసి వచ్చిందా? పందెం ఇంకా ఇంకా పెంచాలనిపించిందా? రెంటిలో ఒక్కదానికి అవునన్నా లెక్కలోకి వస్తారు. పైగా వారంతా విద్యార్థులు. మూర తో కొలిచిన గుడ్డనూ గజంతో కొలిచిన గుడ్డనూ అంకెల్ని బట్టి పోల్చలేం కదా! కాని ఒకటి మాత్రం ఆలోచించదగినది. ఒకసారైనా ఆడామన్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరు ఆ రెండు ప్రశ్నల్లో ఒకదానికైనా అవునన్నారు.

మన తెలుగునాట ఇంకో చిక్కుంది. రమ్మీని జూదమని చాలామంది అనుకోరు. దీనికి ఒక చరిత్ర ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. తర్వాత అనేక దశాబ్దాలపాటు ఆ తీర్పు నీడలో ఎన్నో పేకముక్కల వ్యాపారాలు పెరిగాయి, ఫోనుల్లోకీ ప్రవేశించాయి. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఏటా 45 కోట్లమంది ఇలాంటి ఆటల్లో సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వ వర్గాలు అప్పట్లో అంచనా చెప్పాయి. ఇది డబ్బు పోయినవారి లెక్కే గాని వ్యసనపరుల లెక్క కాదని మనం ఇప్పుడు గుర్తించగలం.

చట్టం మంచిదే. కాని తలుపు మూసినంత మాత్రాన లోపలివాడు బయటపడడు. ఆడిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. అతని అప్పులూ అతనితోనే ఉన్నాయి.

"మావాళ్లలో ఎవరూ లేరు"

మొదట మనం వేసుకున్న ప్రశ్నకు తిరిగివద్దాం. బ్రిటన్‌లో 2010 సర్వే ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది. ఆసియా సంతతివారిలో జూదమాడేవారు తెల్లవారికంటే బాగా తక్కువ. కాని సమస్యాత్మక జూదరుల శాతం మాత్రం వారిలోనే ఎక్కువ. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవారు ఈ వర్గంలోనివారే. అంటే ఆడేవారు తక్కువ, చిక్కుకుపోయేవారు ఎక్కువ.

దీనికి కారణాలు చాలా ఉండవచ్చు. కాని మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. జూదాన్ని పాపంగా చూసే ఇంట్లో, అందులో పడ్డవాడు ఎవరితో చెప్పుకుంటాడు? తండ్రితో చెబితే ఇంట్లోంచి గెంటేస్తాడని భయం. ఇమాము సాహెబుతో చెబితే మస్జిదులో మొహం చూపించలేనన్న సిగ్గు. అత్తవారింటికి తెలిస్తే కాపురం పోతుందన్న బెంగ. చెప్పుకోలేనివాడు దాన్ని దాస్తాడు. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తాడు. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ ఆడతాడు. పాపాన్ని ద్వేషించడం మన ధర్మం. కాని పాపంలో పడ్డవాడు తిరిగివచ్చే దారిని కూడా మూసేస్తే, మనం అతణ్ణి షైతాను చేతికి అప్పగించినట్లే అవుతుంది.

ఇతర దేశాల అధ్యయనాల్ని ఒకచోట చేర్చి 2022లో చేసిన పరిశీలనలో, సమస్యాత్మక జూదరుల్లో అయిదుగురికి ఒక్కరే సహాయం కోసం వెళ్లారని తేలింది. జూదం తప్పని సమాజంలో పెద్దగా చెప్పుకోని చోటనే ఇంతమంది నోరు మెదపడం లేదు. మన ఇళ్లలో ఎందరు మెదపగలరు?

మరి మనం ఏం చేయాలి?

గూఢచర్యం చేయమని దీని అర్థం కాదు. ఒకరి తప్పుల కోసం ఆరా తీయవద్దని, చాటున చెడు మాట్లాడవద్దని అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు మనల్ని గట్టిగా వారించింది. ఎవరి ఇంట్లో ఎవరు ఆడుతున్నారో లెక్కపెట్టడం మన పని కాదు. తన ఇంట్లో నిజం చెప్పుకునే చోటు ఏర్పాటుచేయడం మన పని.

తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాన్ని అల్లాహ్ కప్పుతాడని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) శుభవార్త ఇచ్చారు. కాబట్టి ఎవరైనా నోరు తెరిచి చెబితే అది ఊరంతా పాకకూడదు. అయితే కప్పడమంటే, అప్పులవాళ్లు వచ్చినప్పుడల్లా తల్లి గాజులు తాకట్టుపెట్టి గుట్టుగా తీర్చడం కాదు. సోదరుడు పీడితుడైనా పీడకుడైనా సాయపడమని దైవప్రవక్త (సల్లం) బోధించారు. పీడకుడికి సాయమెలా అని సహచరులు అడిగితే, అతణ్ణి ఆ పని నుండి ఆపడమే అతనికి సాయమని వివరించారు. తన ఇంటినే పీడిస్తున్న జూదరికి వర్తించే బోధ ఇది.

ఇంకొందరు "ఇది పాపమా, జబ్బా?" అని వాదిస్తుంటారు. మొదటి పందెం మనిషి తన ఇష్టంతో కాసినది, దానికి పశ్చాత్తాపం (తౌబా) అవసరం. తర్వాత అది అతని ఇష్టాన్నే కట్టిపడేసింది, దానికి చికిత్స అవసరం. ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు పుట్టించాడని మనకు బోధించింది దైవప్రవక్తే (సల్లం). తౌబా చేసినవాడు వైద్యుడి దగ్గరికి వెళ్లడం విశ్వాసంలో లోటు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి మానసిక వైద్య సలహా ఉచితంగా పొందవచ్చు.

ఇంట్లో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి:

1. తిట్లకు ముందు లెక్క. మొత్తం అప్పులన్నీ ఒక్క కాగితం మీద రాయించండి. సగం దాచిన లెక్క మళ్లీ జూదానికే దారి తీస్తుంది.

2. కొంతకాలం జీతం, బ్యాంకు వ్యవహారం నమ్మకస్తుడైన మరో కుటుంబ సభ్యుడి చేతిలో ఉంచండి. ఇది శిక్ష కాదు, విరిగిన చేతికి కట్టు కట్టడం లాంటిది.

3. "ఈ ఒక్కసారి గెలిచి అప్పు తీర్చేస్తాను" అన్న మాటను ఎన్నడూ ఒప్పుకోకండి. మూడో ప్రశ్న గుర్తుందా? వ్యసనానికి గట్టి గుర్తుల్లో అదొకటి.

4. పిల్లలతో ముందే మాట్లాడండి. "పద, జూదమాడదాం" అని నోటితో అన్నవాడిని సైతం పరిహారంగా దానం (సదఖా) చేయమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. మాట దగ్గరే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనది.

5. ఆ తొమ్మిది ప్రశ్నల్ని మన మనసుకు మనమే వేసుకుందాం. అక్కడ పక్కన ఎవరూ ఉండరు. అన్నీ తెలిసిన అల్లాహ్ ఒక్కడే ఉంటాడు.

ప్రియ పాఠకులారా! సర్వేలు చేసేవారు వెయ్యికి ఏడుగురా, ఇరవై అయిదుగురా అని తర్కించుకుంటూనే ఉంటారు. వారి శ్రమ అవసరమైనదే. లెక్క లేకపోతే వైద్యమూ లేదు, చట్టమూ లేదు. కాని మన ఇంటికి శాతాలతో పనిలేదు. మన ఇంట్లో ఒక్కడుంటే, ఆ ఇంటికి అదే నూటికి నూరు. "మావాళ్లలో ఎవరూ లేరు" అనేముందు, ఉన్నవాడు మనతో చెప్పుకోగలడా అని ఒక్కసారి మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

అల్లాహ్ మన సంపాదనను ధర్మసమ్మతం చేయుగాక! దారి తప్పినవారికి తౌబా భాగ్యాన్ని, వారిని అక్కున చేర్చుకునే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.